మాట వినబడాలి, మోత కాదు

కారు కొనడానికి షోరూంకి వెళ్ళినప్పుడు మనం ఏమేం చూస్తాం? రంగు చూస్తాం. వెనక సీట్లో ముగ్గురు ఇరుకు లేకుండా పడతారా అని చూస్తాం. ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తా డిక్కీలో పడుతుందో లేదో మనసులోనే కొలుచుకుంటాం. మైలేజీ సంగతి శ్రీవారు చూసుకుంటారు. పాట ఎలా వినిపిస్తుందని మాత్రం ఎవరూ అడగరు. షోరూం కుర్రాడు ఇంజను ఆపి, అద్దాలు బిగించి, ఏదో కొత్త సినిమా పాట దబదబా మోగిస్తాడు. 'అబ్బ, ఎంత బాగుందో' అనుకుని సంతకాలు పెట్టేస్తాం. అసలు సంగతి బయటపడేది హైవే ఎక్కాక.

మా ఇంట్లో దాన్ని బయటపెట్టింది మా అత్తగారు. ఆవిడకి డెబ్భై నాలుగేళ్ళు. తెనాలి దగ్గర పుట్టి పెరిగిన మనిషి, పద్యనాటకాలంటే ప్రాణం. మేముండే విజయవాడ నుంచి నెలకి ఒకటి రెండుసార్లు ఆ వైపు వెళ్ళి వస్తుంటాం. పిల్లలు పాటలు పెట్టగానే వెనక సీట్లోంచి "ఆపండర్రా, తల పగిలిపోతోంది" అనేవారు. పోనీ పెద్దావిడ ముచ్చట తీరుద్దామని పద్యాలు పెట్టేవాళ్ళం, వినబడాలని కాస్త గట్టిగానే. నాలుగు నిమిషాలు గడిచేసరికి అదీ ఆపమనేవారు. 'బామ్మకి ఏం పెట్టినా నచ్చదు' అని ఇంటిల్లిపాదీ ముద్ర వేసేశారు. చివరికి "మీరు వెళ్ళిరండి, నేను ఇంట్లో ఉంటా" అనడం మొదలుపెట్టారు. పుట్టింటి వైపు ప్రయాణమంటే ముందు రోజే చీర మడత పెట్టుకునే మనిషి!

ఒకరోజు కూర వలుచుకుంటూ కూర్చున్నప్పుడు అడిగాను. "రాగం వినబడుతోంది గానీ మాట వినబడటం లేదే అమ్మాయ్. మాట తెలియని పద్యం ఎందుకూ?" అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకుని ముందు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాంటి మాట అంటే మీరూ మొదట చేయాల్సిన పని అదే. స్పీకర్లు చెవికి వైద్యం కాదు. హెడ్‌ఫోన్ పెట్టి, సన్నని ధ్వనులూ లావు ధ్వనులూ వినిపించి, ఒక గీతల కాగితం ఇచ్చారు. వయసుతో పాటు వినికిడి తగ్గేటప్పుడు ముందుగా పోయేది సన్నని ధ్వనులేనట. అచ్చులు లావు ధ్వనులు, బలమైనవి. అ, ఆ, ఓ అన్నవి బాగానే చెవికి చేరతాయి. స, శ, త, క, ప లాంటి హల్లుల్లో బలం తక్కువ, వాటి గుర్తంతా పైస్థాయి ధ్వనుల్లో ఉంటుంది. అవి జారిపోతే రాగం మిగులుతుంది, మాట పోతుంది. ఆవిడ సరిగ్గా అదే చెప్పారు, మేమే వినిపించుకోలేదు. అత్తగారికి ఇంకా మిషను అవసరం లేదనీ, ఏడాదికోసారి పరీక్ష చేయించమనీ డాక్టరుగారు చెప్పారు.

ఇలాంటి చెవికి వాల్యూం పెంచితే ఏమవుతుంది? అప్పటికే బాగా వినిపిస్తున్న లావు ధ్వని ఇంకా లావవుతుంది. హల్లులు దాని కింద నలిగిపోతాయి. దానికి టైర్ల హోరు తోడు. తలనొప్పి రాక ఏం చేస్తుంది?

కారులో ఉన్నదేమిటి, లేనిదేమిటి

మాది ఏడేళ్ళ కిందటి చిన్న కారు, మధ్యరకం మోడల్. కంపెనీ పేరు ఎందుకులెండి, ఈ ధరలో చాలా కార్ల కథ ఇదే. నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లున్నాయి. తలుపు కింద భాగంలో, సరిగ్గా మన పిక్క దగ్గర. లావు ధ్వని ఎక్కడున్నా చుట్టూ పాకుతుంది. సన్నని ధ్వని మాత్రం టార్చిలైటు వెలుగులాగా తిన్నగా పోతుంది. అంటే హల్లులన్నీ మన కాళ్ళకీ చీర కుచ్చిళ్ళకీ తగిలి అక్కడే ఆగిపోతున్నాయన్నమాట!

సన్నని ధ్వని కోసం విడిగా ఉండే చిన్న స్పీకరుని ట్వీటర్ అంటారు. చాలా కార్లలో అది ఖరీదైన మోడల్‌కే ఇస్తారు. మా కారులో పక్క అద్దం దగ్గర మూడు మూలల ప్లాస్టిక్ ముక్క ఉంది, దానికి జల్లెడలా చిల్లులూ ఉన్నాయి. ఊడదీసి చూస్తే లోపల ఏమీ లేదు. ముక్కు కుట్టించి పుడక పెట్టనట్టు!

కారులో పాట వినడం మొన్నటి ముచ్చటేం కాదు. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లోనే కారు రేడియో తయారుచేసి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. తర్వాత కంపెనీ పేరే అదైపోయింది. మా అత్తగారి చెవికి అలవాటైన ధ్వని మాత్రం ఇంటి రేడియోది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది, ఆవిడ పుట్టేసరికి దానికి రెండు మూడేళ్ళ వయసు. చెక్క పెట్టె, ఒకే స్పీకరు, అదీ మనిషి ముఖానికి ఎదురుగా బల్ల మీద. మాటకి కావలసింది అందులో ఉండేది. నాలుగు స్పీకర్ల కారు ఆ ఒంటి స్పీకరు రేడియోకి సరితూగలేదంటే కారణం లెక్కలో లేదు, చోటులో ఉంది.

కారు సామాన్ల షాపులో అడిగితే కొత్త స్టీరియో, యాంప్లిఫయర్, డిక్కీలో పెట్టే బేస్ ట్యూబ్ అన్నీ కలిపి ఇరవై ఎనిమిది వేలన్నారు. "మేడం, తలుపులు అదిరిపోతాయి" అని హామీ కూడా ఇచ్చారు. నా బాధే తలుపులు అదరడం గురించి! బేస్ ట్యూబు పెళ్ళి ఊరేగింపుకి బాగుంటుందేమో గానీ, పద్యానికి దాంతో పనేముంది?

ఇంటికొచ్చి పది రోజులు ఇదే చదివాను, వీడియోలు చూశాను. ముందు తలుపులకి ట్వీటర్‌తో వచ్చే స్పీకర్ల జత పెట్టి, తలుపుని సరిచేస్తే చాలని తేలింది. కథలకొచ్చిన పారితోషికం దాచుకున్నది కొంత ఉంది. 'కథలు రాస్తే డబ్బులొస్తాయా' అని అడిగేవాళ్ళకి ఇదీ నా జవాబు, ముందు తలుపులు రెండింటికి సరిపోయేంత వస్తాయి. "తలుపు విప్పితే మళ్ళీ బిగించగలవా?" అన్నారు మావారు. "కుట్టుమిషను ఊడదీసి నూనె వేసి బిగిస్తున్నది ఎవరు?" అన్నాను. ఆయన టార్చిలైటు వెతికిచ్చి తప్పుకున్నారు.

స్పీకర్లు కొనేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే 300 వాట్లు, 400 వాట్లు అన్నవి చూసి మోసపోకండి. స్టీరియో మీద 'నాలుగు యాభైలు' అని వేసినా, పన్నెండు వోల్టుల బ్యాటరీతో ఒక్కో స్పీకరుకి శుభ్రంగా ఇచ్చేది 20 వాట్ల లోపే. మనం చూడాల్సింది చిన్నక్షరాల్లో ఉండే సెన్సిటివిటీ. ఎంత కరెంటుకి ఎంత ధ్వని పలుకుతుందో చెప్పే అంకె, డెసిబెల్స్‌లో ఉంటుంది. మూడు డెసిబెల్స్ పెంచాలంటే కరెంటు రెట్టింపు కావాలి. కాబట్టి 86 ఉన్న స్పీకరుకీ 92 ఉన్న స్పీకరుకీ తేడా నాలుగింతలు! 90కి పైనున్నది తీసుకుంటే కారుతో వచ్చిన స్టీరియోకే పలుకుతుంది, యాంప్లిఫయర్ ఖర్చు తప్పుతుంది. ఓమ్‌లు పాత స్పీకరువి ఎన్నో కొత్తదానివీ అన్నే ఉండాలి, మామూలుగా నాలుగు. సైజు మా కారుకి ఆరున్నర అంగుళాలు. లోతు కూడా కొలుచుకోవాలి. అద్దం కిందికి దించినప్పుడు స్పీకరు వెనక అయస్కాంతానికి తగిలితే మొదటికే మోసం.

వాటితోపాటు మన కారు మోడల్‌కి సరిపోయే కప్లర్లు అడిగి తీసుకోండి. ఇవి ఉంటే కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు. వైరు కోస్తే వారంటీ పేచీ వస్తుంది.

ఇడ్లీ రేకులో మరలు

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక మొదలుపెట్టాను. అద్దాలన్నీ పైకెత్తేసి, ఆ తర్వాత బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయాలి. పది నంబరు స్పానరు చాలు. ముందే అద్దాలు ఎత్తకపోతే మధ్యలో వాన వచ్చిందంటే తడిసిపోవడమే. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీసి పెట్టాక కోడ్ నంబరు అడుగుతాయి, అది కారు కాగితాల్లో ఉందో లేదో చూసుకోండి. తీగ తీశాక కొన్ని నిమిషాలు ఆగాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. పసుపుపచ్చ కప్లర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగులవి. కొన్ని కార్లలో తలుపు లోపలి గాలి ఒత్తిడిని బట్టి పక్క ఎయిర్‌బ్యాగు తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. అలాంటి తలుపుకి చిల్లులు మూసినా, కొత్తవి కోసినా ప్రాణం మీదికి రావచ్చు. కారుతో ఇచ్చే పుస్తకంలో ఈ హెచ్చరిక ఉంటుంది, చదవండి. మా కారుకి పక్క ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టే నేను చెయ్యి వేశాను. ఉన్నవాళ్ళు తెలిసిన మెకానిక్ చేత చేయించుకోవడమే మంచిది. కంపెనీయే పేరున్న బ్రాండు స్పీకర్లు, విడిగా యాంప్లిఫయర్ పెట్టి ఇచ్చిన కార్ల లెక్క కూడా వేరు.

తలుపుకి లోపలి వైపు ఉండే ప్లాస్టిక్ పలకని డోర్ ప్యాడ్ అంటారు. దాని మరలు కనబడవు. గడియ వెనక చిన్న మూత కింద ఒకటి, తలుపు లాక్కునే గుంటలో ఒకటి, అంచున ఒకటి, మన వంటింట్లో డబ్బుల్లాగా దాచిపెట్టి ఉంటాయి. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ప్రతి మర తీసేముందు ఫోన్లో ఫొటో తీసింది. తీసిన మరల్ని ఇడ్లీ రేకులో గుంటకో రకం చొప్పున తీసిన వరసలో పెట్టుకున్నాం. మళ్ళీ బిగించేటప్పుడు ఆఖరి గుంట నుంచి వెనక్కి వస్తే సరి. మరలయ్యాక చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. కింది మూల నుంచి ప్లాస్టిక్ బద్దతో వదులు చేస్తూ 'టప్' మని లాగాలి. ఆ చప్పుడుకి గుండె జారుతుంది గానీ, దాని తీరే అంత. ఒకటీ అరా విరుగుతాయి, అందుకే ఓ డజను ముందే కొనిపెట్టుకోవాలి. ఇనప స్క్రూడ్రైవరుతో తవ్వితే మాత్రం ప్యాడ్ మీద గాట్లు పడతాయి. ప్యాడ్‌ని పైకెత్తి తీసి, అద్దాల స్విచ్చు కప్లరు, గడియ తీగ విడదీస్తే తలుపు బోసిగా నిలబడుతుంది.

అప్పుడు తెలిసింది అసలు గుట్టు. తలుపంటే పల్చటి రేకు, లోపలంతా ఖాళీ. వేలి ముడితో కొట్టి చూస్తే ట్రంకుపెట్టె మీద కొట్టినట్టు 'ఖణేల్' మంది. పాత స్పీకరు అరచేతిలో పెడితే బరువే లేదు, ప్లాస్టిక్ చట్రం, కాగితపు గిన్నె, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద అయస్కాంతం. ఆ రేకు అదురే మనం ఇన్నాళ్ళూ బేసు అనుకుంటున్నది.

లోపలి రేకు దుమ్ము తుడిచి, స్పిరిట్‌తో జిడ్డు తీసి, బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు అతికించాను. ఒకవైపు వెండిరేకు, రెండోవైపు నల్లటి జిగురు, చపాతీ మందాన ఉంటాయి. చిన్న రోలరుతో నొక్కాలి. రోలరు దొరక్క అప్పడాల కర్రతోనే నొక్కాను, తర్వాత అది వంటకి పనికిరాదనుకోండి! రేకంతా కప్పక్కర్లేదు, స్పీకరు ఎదురుగా ఉండే బయటి రేకుకి నాలుగైదు ముక్కలు చాలు. మళ్ళీ కొట్టి చూస్తే బియ్యం డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు కొట్టినట్టు 'ధబ్' మంది. తలుపు అడుగున చిన్న చిన్న కంతలుంటాయి, వాటిని మూయకూడదు. అద్దం మీద పడిన వాననీళ్ళు తలుపు లోపలికి దిగి ఆ కంతల్లోంచే బయటికి పోతాయి. మూస్తే తలుపు తుప్పు పట్టిపోతుంది. ప్యాడ్ వెనకుండే ప్లాస్టిక్ కాగితాన్నీ చింపకుండా తీసి, అలాగే తిరిగి అంటించాలి. నీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది అదే.

ఇక స్పీకరు. అది ముందుకి గాలి తోసినప్పుడల్లా వెనక గాలి లాగుతుంది. చుట్టూ సందుంటే ముందు ధ్వనీ వెనక ధ్వనీ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. కుక్కరు గాస్కెట్ వదులైతే విజిల్ రాదు చూడండి, అచ్చం అంతే. స్పీకరుకీ తలుపుకీ మధ్య రింగు, దాని చుట్టూ నురగ టేపు వేసి బిగించాను. వంద రూపాయలు కూడా లేని ఆ టేపు చేసే మేలు ఎవరూ చెప్పరు!

ప్లస్, మైనస్ రెండు తలుపులకీ ఒకేలా ఉండాలి. అనుమానముంటే గడియారంలో వేసే సెల్ తీసుకుని పెద్ద స్పీకరు కొసలకి క్షణం తాకించండి. సెల్ ప్లస్ తాకిన కొస స్పీకరు ప్లస్ అయితే గిన్నె ముందుకి కదులుతుంది. ట్వీటర్‌కి ఈ పరీక్ష వద్దు. దానితో వచ్చే చిన్న కెపాసిటర్ డబ్బా తీసేసి నేరుగా కూడా కలపకండి, లావు ధ్వని పోయి ట్వీటర్ కాలిపోతుంది. దాన్ని ఆ మూడు మూలల ముక్క వెనక, చిల్లులకి ఎదురుగా కూర్చోబెట్టాం. పుడక పెట్టినట్టే అయింది.

మొదటి తలుపుకి రెండున్నర గంటలు పట్టింది. రెండోది గంట లోపే.

ముందు సీటు ఎవరిది?

ప్యాడ్ పూర్తిగా బిగించకముందే బ్యాటరీ తగిలించి ఒకసారి వినాలి. దీనికి పాత పాటలే మంచివి. మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) రోజుల రికార్డింగులు మోనో, అంటే రెండు వైపులా ఒకే ధ్వని. అన్నీ సరిగ్గా కలిస్తే గొంతు డాష్‌బోర్డు మధ్యలోంచి వస్తున్నట్టుంటుంది. ఒకవైపు ప్లస్, మైనస్ తారుమారైతే గొంతు పల్చబడి ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. మాది మధ్యలోనే నిలబడింది.

స్టీరియోలో బేసు సున్నాకి తెచ్చాను, ట్రెబుల్ రెండు మెట్లు పెంచాను, లౌడ్‌నెస్ తీసేశాను. వెనక స్పీకర్లు మార్చలేదు, వాటి ధ్వని బాగా తగ్గించి ముందువైపుకి పెంచుకున్నాను. బ్లూటూత్‌లో వింటే ఫోన్ వాల్యూం దాదాపు నిండుగా పెట్టి, కారులో తగ్గించుకోవాలి. ఇంకొకటి, చేతులు మారి మారి వచ్చిన వాట్సాప్ పద్యాలని ఏ స్పీకరూ బాగుచేయలేదు. అత్తగారి పద్యాలు మంచి రికార్డింగులు వెతికి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను.

ఇన్నీ చేశాక మిగిలింది పైసా ఖర్చు లేని పని, అదే అన్నిటికంటే కష్టమైంది. అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టడం! ట్వీటర్లు ఉన్నది అక్కడే. "మొగుడూ పెళ్ళాం ముందు కూర్చోండి, నాకు వెనకే హాయి" అని ససేమిరా అన్నారు. చంటివాళ్ళున్నప్పుడు వెనక కూర్చోవడం సుఖమే, ఆ అలవాటు ఆవిడకి నలభై ఏళ్ళుగా పోలేదు. "పద్యం ముందు సీట్లోనే వస్తుంది అత్తయ్యా" అని చెయ్యి పట్టుకుని ఎక్కించాను. నేను పిల్లలతో వెనక్కి వెళ్ళాను.

ఊరు దాటాక పద్యం మొదలైంది. వాల్యూం ఇదివరకటి కంటే తక్కువే. ఆవిడ ఏమీ అనలేదు, కిటికీలోంచి చూస్తున్నారు. కాసేపటికి నటుడు ఒకచోట పదం మింగేశాడు. "ఆ మాట అది కాదు" అని అసలు పదం చెప్పి, తర్వాతి పాదం ఆవిడే ముందుగా అందుకున్నారు. మావారు అద్దంలోంచి నా వైపు చూశారు. ఆ నెలలో రెండోసారి తెనాలి ప్రయాణం ఆవిడే గుర్తుచేశారు.

అన్ని మాటలూ వినబడుతున్నాయా అంటే లేదు. ఆడగొంతుల్లో వేగంగా చెప్పే సంభాషణలు ఇప్పటికీ కొన్ని జారిపోతున్నాయంటారు. అది చెవి సంగతి, తలుపుది కాదు. వచ్చే పరీక్షకి డాక్టరుగారికి చెప్పాలని రాసిపెట్టుకున్నాను.

మా అబ్బాయికి మాత్రం 'బేసు పోయింది' అని బెంగ. వాడి కోసం ఒక అంకె చెప్పాను, మీ పిల్లలకీ చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే నాలుగు గంటలే. పైగా అద్దాలు బిగించుకుని మోత పెట్టుకుంటే వెనకొచ్చే అంబులెన్స్ కూత ఎలా వినబడుతుంది?

ఖర్చు సంగతి అడుగుతారు కదూ! స్పీకర్ల జత 4,200, డ్యాంపింగ్ షీట్లు 1,150, రింగులు 350, కప్లర్లు 240, నురగ టేపు 90, క్లిప్పులు 60, మొత్తం 6,090 రూపాయలు. అప్పడాల కర్ర వేరే లెక్క. పాత స్పీకర్లు పారేయకండి. మావి పాత చీర ముక్కలో చుట్టి, మిగిలిన క్లిప్పులతో సహా అటక మీద పెట్టి చీటీ అంటించాను. వైర్లు కొయ్యలేదు కాబట్టి కారు అమ్మే రోజున అవి బిగించి, కొత్తవి తీసేసుకోవచ్చు.

పక్కింటి వదిన తమ కారుకీ చేసిపెట్టమంటున్నారు. వాళ్ళది పెద్ద కారు, పక్క ఎయిర్‌బ్యాగులున్నాయి. ముందు కారు పుస్తకం పట్టుకురమ్మన్నాను.